బెన్యామీనుకు పూచీ పడిందెవరు?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కు చదివేవారు యూదు మతం అనగానే మోషే, పది ఆజ్ఞల దగ్గర ఆగిపోకండి. ఆదికాండంలోని యాకోబు కుటుంబాన్నీ చూడండి.

యోసేపును అన్నలు 20 వెండి నాణేలకు అమ్మేశారు (37వ అధ్యాయం). అమ్ముదామన్నది యూదా. కరవులో ధాన్యం కోసం కొడుకులను ఈజిప్టుకు పంపిన యాకోబు, ఏ కీడు జరుగుతుందోనని చిన్నవాడు బెన్యామీనును మాత్రం కదలనివ్వలేదు. అక్కడి అధికారి అతణ్ని తెమ్మన్నాడు. ఆ అధికారి యోసేపేనని వాళ్లకు తెలియదు.

పెద్దవాడు రూబేను, ‘తమ్ముణ్ని తీసుకురాకపోతే నా ఇద్దరు కొడుకులను చంపు’ అన్నాడు. మనవలను చంపుకుని ఏ తాత ఊరట పొందుతాడు! యాకోబు ఒప్పుకోలేదు. ధాన్యం అయిపోయాక యూదా తానే పూచీ అన్నాడు (43). తండ్రి దిగివచ్చాడు. బెన్యామీను గోనెలో ఆ అధికారి వెండి గిన్నె దొరికినప్పుడు, అతని బదులు తాను బానిసగా ఉంటానన్నదీ యూదాయే (44). పరీక్షలో రూబేను, యూదా పేర్లు తారుమారు చేయకండి.

తెలుగునాట గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రాయిం’ యూదులున్నారు. మాతృభాష తెలుగు. యోసేపు రెండో కొడుకు ఎఫ్రాయిము సంతతి తామని చెప్పుకుంటారు. అన్న మనష్షే ఉండగానే యాకోబు కుడిచెయ్యి పెట్టి దీవించింది ఈ ఎఫ్రాయిమునే (48).