క్రమం తప్పే ఋతువు – గర్భ నిర్ధారణ

నెలసరి సక్రమంగా రాని స్త్రీలకు ‘నెల తప్పింది’ అన్న లెక్క గర్భసూచనగా పనికిరాదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల నుండి నా వద్దకు వచ్చే గృహిణులలో పలువురు నెల ఆలస్యం కాగానే నువ్వుల కషాయం మొదలుపెడుతున్నారు. గర్భమున్నదీ లేనిదీ తేలనిదే ఋతువును రప్పించే ఔషధమేదీ సేవించరాదు.

అలసట, గ్లాని, దప్పిక, తొడల బడలికలను సుశ్రుతుడు శారీరస్థానంలో సద్యోగృహీత గర్భ లక్షణాలుగా పేర్కొన్నాడు. వికారం, స్తనాలలో సలుపు కూడా గమనింపదగినవే. అయితే వీటిలో కొన్ని రక్తహీనతలోనూ, ఋతువుకు ముందూ కనిపిస్తాయి. కేవలం నాడిని చూసి నిశ్చయించుట తగదు.

చివరి కలయిక జరిగిన 21 రోజులకు ఉదయపు తొలి మూత్రంతో పరీక్ష చేసుకోండి. గర్భం లేదని తేలినా ఋతువు రాకుంటే వారం తరువాత మరల చేయండి. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే గర్భం గర్భాశయం వెలుపల నిలిచి ఉండవచ్చు. తక్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.