మంచము చెంత తల్లి

పాఠ్యభాగము: మార్కు 5:35–43

యాయీరు ఇంట ప్రభువు అందరిని వెలుపలికి పంపెను గాని, చిన్నదాని తలిదండ్రులను లోపలికి తీసికొనిపోయెను. దీనిని మనము తరచు గమనింపము.

ఇంగ్లండు ఆసుపత్రులు ఈ సంగతి ఆలస్యముగా నేర్చుకొనెను. పూర్వము అక్కడ తలిదండ్రులను బిడ్డ చెంత ఉండనిచ్చెడివారు కారు. ఏడ్పు మానినచో బిడ్డ కుదుటపడెనని తలంచిరి. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో 8 దినములున్న రెండేండ్ల పాపను చలనచిత్రములో చూపెను. ఆ మౌనము నెమ్మది కాదు, దుఃఖమే. 1959లో ప్లాట్ కమిటీ తలిదండ్రులను ఎప్పుడైనను రానియ్యవలెననియు, ముఖ్యముగా అయిదేండ్లలోపు బిడ్డతో తల్లిని కూడ ఉంచుకొనవలెననియు సిఫారసు చేసెను.

మన పల్లెలలో తల్లి బిడ్డతోనే ఆసుపత్రికి పోవును; వరండాలోనైనను పండుకొనును. అయితే ఆమె మనస్సు ఇంటనున్న పిల్లలమీదను, పాడిగేదెమీదను, కోతకు వచ్చిన చేనిమీదను ఉండును. అందుచేత కొందరు చికిత్స ముగియకమునుపే తిరిగివత్తురు.

ప్రభువు తల్లికి లోపల చోటిచ్చెను. ఆమె అక్కడ నిలుచునట్లు ఇంటి భారము మోయుట మన వంతు. ఆ పిల్లలకు అన్నము పెట్టుదము, గేదెకు మేత వేయుదము, బస్సు చార్జీలకు చేతనైనది పంపుదము. లేచిన చిన్నదానికి ఆహారము పెట్టుమనిన ప్రభువు దృష్టికి ఇవి చిన్న పనులు కావు.