అంబాసిడర్ – పద్మిని : ఏ కారు మేలు?

మన దేశపు రోడ్లను కొన్ని దశాబ్దాల పాటు రెండు కార్లు ఏలాయి. ఒకటి, కలెక్టరు గారి నుండి పెళ్ళివారి వరకు అందరినీ మోసిన అంబాసిడర్. రెండవది, మనవాళ్ళు ‘ఫియట్ కారు’ అని పిలుచుకున్న ప్రీమియర్ పద్మిని. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్‌లలో మోటారు వాహనాల కోర్సు చదవాలనుకునే వారికి ఈ రెండింటి పోలిక ఒక మంచి పాఠం.

పుట్టు పూర్వోత్తరాలు

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లాండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దీనిని తయారుచేశారు. 2014లో ఉత్పత్తి ఆగింది. పద్మినికి మూలం ఇటలీ కారు ఫియట్ 1100. దీనిని బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేశారు.

పనితీరు

అంబాసిడర్ 1489 సి.సి. పెట్రోలు ఇంజన్ శక్తి సుమారు 50 హార్స్ పవర్, కారు బరువు సుమారు 1100 కిలోలు. పద్మినిది 1089 సి.సి. ఇంజన్, సుమారు 40 హార్స్ పవర్, బరువు దాదాపు 895 కిలోలు. ఇంజన్ పెద్దది కనుక అంబాసిడరే చురుకైనదని అనుకుంటాం. లెక్క వేసి చూద్దాం. శక్తిని బరువుతో భాగిస్తే, టన్నుకు రెండింటికీ దాదాపు 45 హార్స్ పవరే వస్తుంది! అంటే పెద్ద ఇంజన్ తన సొంత బరువు మోయడానికే సరిపోయింది.

అయితే అంబాసిడర్‌కు 15 అంగుళాల చక్రాలు, విశాలమైన సీట్లు ఉన్నాయి. గతుకుల రోడ్డుకు, నిండు కుటుంబానికి అది అనువు. పద్మిని చక్రాలు 14 అంగుళాలు. తేలికైన చిన్న బండి కనుక ఇరుకు వీధుల్లో సులువుగా తిరుగుతుంది. బొంబాయి టాక్సీవాలాలు దీనిని కోరుకున్నది అందుకే. అక్కడ చివరి పద్మిని టాక్సీ గడువు 2023 అక్టోబరులో ముగిసింది.

నిర్వహణ

రెండింటిలోనూ కార్బురేటర్, కాంటాక్ట్ పాయింట్లు ఉండేవి. కంప్యూటర్ లేదు. స్పానర్లు, స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్ ఉంటే ఊరి మెకానిక్ చాలా మరమ్మతులు చేయగలిగేవాడు. కానీ పాయింట్లు శుభ్రం చేయడం, గ్రీజు పెట్టడం, రేడియేటర్ నీళ్ళు చూడడం తరచుగా చేయవలసిందే.

ఇక పెట్రోలు ఖర్చు. లెక్క కోసం పద్మిని లీటరుకు 12 కి.మీ., అంబాసిడర్ 10 కి.మీ. నడుస్తాయనుకుందాం. 1200 కి.మీ.లకు పద్మినికి 100 లీటర్లు, అంబాసిడర్‌కు 120 లీటర్లు కావాలి. పద్మినిదే పొదుపు. కానీ పద్మినిలో నలుగురు, అంబాసిడర్‌లో ఆరుగురు ఎక్కితే? మనిషికి పద్మినిలో 25 లీటర్లు, అంబాసిడర్‌లో 20 లీటర్లు! లెక్క తిరగబడింది.

ముగింపు

కాబట్టి పని తెలియకుండా ఏ కారు మేలో చెప్పలేం. రేపు మనలో కొందరు అప్పు చేసి ఆటోనో, టాక్సీనో కొని బతుకుతెరువు చూసుకుంటారు. షోరూములో చెప్పే సి.సి., మైలేజీ విని సంతకం పెట్టవద్దు. ఎంత బరువు మోయాలి, ఏ రోడ్డుపై తిరగాలి, చెడిపోతే మన ఊళ్ళో బాగుచేసేవారు, దొరికే విడిభాగాలు ఉన్నాయా – ఈ మూడు ప్రశ్నలు ముందు వేసుకోవాలి. నెలవారీ కంతు కట్టేది మనమే కనుక లెక్క కూడా మనమే వేసుకోవాలి.