పథ్యం తల్లిది, బాధ్యత అందరిదీ

తల్లిపాలు తప్ప మరేమీ ఎరగని పసికందు మలంలో నెత్తుటి చారలు కనిపించినా, వాంతులూ ఒంటిమీద ఎర్రటి పొక్కులూ ఎంతకీ తగ్గకపోయినా పిల్లల డాక్టర్లు కొన్నిసార్లు పాల అలర్జీని అనుమానిస్తారు. తల్లి తాగిన పాలలోని ప్రొటీన్ కొద్దిమేర ఆమె చనుబాలలోకి చేరుతుంది. అది పడని బిడ్డకు ఆ కొంచెమే ఎక్కువవుతుంది. అందుకని పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, కోవా, పనీర్ అన్నీ మానెయ్యమని తల్లికి చెబుతారు. ఇంట్లో వాళ్లు దీన్ని ఆమె ఒక్కతే పట్టాల్సిన దీక్షగా చూస్తారు. బిడ్డకు మళ్లీ బాధ తిరగబెడితే నోరు కట్టుకోలేదని ఆమెనే అంటారు. నిజానికి ఈ పథ్యం తల్లి పట్టుదల ఒక్కదానితో నిలిచేది కాదు. ఏ పదార్థంలో పాలున్నాయో ఆమెకు తెలియాలి, అది చెప్పాల్సింది తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు. బిడ్డకు పాలివ్వడానికి ఆమెకు వీలుండాలి, ఆ వీలు కల్పించాల్సింది పని ఇచ్చేవాళ్లు. వీళ్లందరి మీదా చట్టం కొన్ని బాధ్యతలు పెట్టింది. అవి నెరవేరనిచోట తప్పు తల్లిది కాదు.

ముందు వైద్యుడి సంగతి. పాలలోని చక్కెర అరగకపోవడం వేరు, ప్రొటీన్ పడకపోవడం వేరు. మొదటిదానికి తల్లి పాలు మానడం వల్ల ఒరిగేదేమీ లేదు. రెండోదైతే ఆవు పాలు మాని గేదె పాలో మేక పాలో తాగినా ఫలితం ఉండదు, వాటి ప్రొటీన్లు దాదాపు ఒకే తీరువి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు మాన్పించి చూస్తారు. బిడ్డ తేరుకున్నాక తల్లికి మళ్లీ పాలు ఇచ్చి, లక్షణాలు తిరిగొస్తేనే అలర్జీ అని తేలుస్తారు. ప్రతి ఏడుపుకూ అలర్జీ ముద్ర వేసి తల్లుల కడుపు మాడుస్తున్నారన్న విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు. దానికి విరుగుడు డాక్టర్ సలహాను కాగితం మీద తీసుకోవడమే: ఏం మానాలి, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు పరీక్షించాలి, కాల్షియం ఎలా భర్తీ చేయాలి. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం, రోగి గానీ అతని తరఫువాళ్లు గానీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఏ ఫిర్యాదుకైనా ఆ కాగితమే ఆధారం.

ఇక ప్యాకెట్. చాలామంది ఆకుపచ్చ చుక్క చూసి నిశ్చింతగా కొంటారు. ఆ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది, మన నిబంధనల్లో పాలు శాకాహారం కిందికే వస్తాయి. చూడాల్సింది పదార్థాల జాబితా దగ్గరుండే ‘కంటైన్స్’ అన్న మాట. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం అలర్జీ కలిగించే పదార్థాలను విడిగా ప్రకటించాలి, ఆ జాబితాలో పాలు, పాల ఉత్పత్తులు ఉన్నాయి. తయారీలో పొరపాటున కలిసే వీలుంటే ‘మే కంటైన్’ అని రాస్తారు. వే, కేసీన్, మిల్క్ సాలిడ్స్ అన్నవన్నీ పాల రూపాలే. జంతు సంబంధమైనదేదీ లేని ఆహారానికి 2022 నిబంధనల కింద వీగన్ గుర్తు వేరే ఉంది. ఇక్కడే పెద్ద లోపం ఒకటుంది. లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉంటే చాలు, ప్రాంతీయ భాష తయారీదారు ఇష్టం. తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లికి ఈ హక్కు కాగితం మీదే మిగిలిపోతోంది. కనీసం అలర్జీ హెచ్చరికనైనా అమ్మే రాష్ట్రం భాషలో అచ్చువేయించాలి.

విడిగా అమ్మే మిఠాయిలు, హోటల్ కూరల మాటేమిటి? మెనూలో అలర్జీ సమాచారం ఇవ్వాలన్న నిబంధన కేంద్ర లైసెన్సు ఉన్న హోటళ్లకు, పది లేదా అంతకు మించి చోట్ల శాఖలున్నవాటికే వర్తిస్తుంది. వీధి చివర టిఫిన్ బండివాడి మీద ఇంత భారం ఎలా మోపుతామని అడగవచ్చు. నిజమే, మోపనక్కర్లేదు. కానీ బోర్డు రాయకపోవడం వేరు, అడిగితే అబద్ధం చెప్పడం వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకులో ఏముందన్న విషయంపై నోటితో తప్పు చెప్పినా అనుచిత వ్యాపార పద్ధతే అంటుంది. కాబట్టి ‘ఇందులో పాలు, వెన్న, పెరుగు ఏమైనా వేశారా?’ అని సూటిగా అడగండి. ఆర్డర్ ఆన్‌లైన్‌లో అయితే ఆ ప్రశ్నా జవాబూ రాతలోనే ఉంచండి.

పాలున్న సంగతి ప్యాకెట్ మీద దాచితే అది తప్పుడు లేబుల్ కిందికి వస్తుంది. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 52వ సెక్షన్ దానికి 3 లక్షల రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. కొనుగోలుదారు కూడా 40వ సెక్షన్ కింద ఆహారాన్ని పరీక్షకు పంపవచ్చు. అయితే ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. ఆహారం నిబంధనలకు విరుద్ధమని పరీక్షలో తేలితే ఆ రుసుము వెనక్కి ఇస్తారు. నష్టపరిహారం మాత్రం అంత సులువు కాదు. తిన్నది తల్లి, బాధపడింది బిడ్డ. ఈ రెంటినీ కలిపే లంకె నిరూపించమని ఎదుటి వకీలు తప్పకుండా అడుగుతాడు. ప్యాకెట్, బిల్లు, తిన్న తేదీ, బిడ్డ లక్షణాల ఫొటోలు, డాక్టర్ చీటీ దాచినవాళ్లే దానికి జవాబు చెప్పగలరు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు.

ఇంత తంటా ఎందుకు, డబ్బాపాలకు మార్చేస్తే పోలేదా అనేవాళ్లుంటారు. మామూలు డబ్బాపాలలో చాలావరకు ఆవు పాలతో చేసినవే, బిడ్డకు పడని ప్రొటీన్ వాటిలో నేరుగా ఉంటుంది. అలర్జీ ఉన్న బిడ్డల కోసం ప్రత్యేకంగా చేసేవి ఖరీదైనవి, డాక్టర్ సలహా మీదే వాడాల్సినవి. చనుబాలు ఇవ్వాలా వద్దా అన్నది తల్లి నిర్ణయం, చట్టం ఆమెను బలవంతపెట్టదు. కానీ ఆ నిర్ణయాన్ని కంపెనీలు ఆమె చేత చేయించకుండా 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం అడ్డుకుంటుంది. 2003 సవరణ తర్వాత రెండేళ్ల లోపు పిల్లలందరికీ అది వర్తిస్తుంది. ఈ డబ్బాలకు ప్రకటనలు, తల్లులకు ఉచిత శాంపిళ్లు, ఆస్పత్రుల్లో పోస్టర్లు, వైద్య సిబ్బందికి కంపెనీల కానుకలు అన్నీ నిషిద్ధం.

పేద తల్లికి ఇంకో చిక్కు ఉంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రసవమయ్యాక ఆరు నెలల దాకా అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనాన్ని హక్కు చేసింది. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి భోజనంతో పాటు రోజుకు 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలన్నది పథకం. పాలు మానిన తల్లి ఆ పోషణ నష్టపోతుంది. చట్టం చెప్పింది నిర్ణీత పోషకాలున్న భోజనం గురించే గానీ పాలే ఇవ్వాలని కాదు. కాబట్టి డాక్టర్ చీటీ చూపి సమానమైన మరో ఆహారం అడగడం సబబే. కాదంటే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్‌కు రాయవచ్చు. ఉద్యోగం చేసే తల్లికి బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇచ్చింది, 2020 సామాజిక భద్రతా కోడ్ దాన్ని కొనసాగించింది. 50 మంది పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. పొలం కూలీలకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఈ విరామం అందడం లేదన్నది వాస్తవం. అది హక్కు విస్తరించాలనడానికి కారణమే తప్ప, ఉన్నదాన్ని వదులుకోవడానికి కాదు.

పాలు మానిన తల్లికి ఇంట్లోవాళ్లు చేయాల్సిన మొదటి సాయం ఆమెను తప్పుపట్టడం మానేసి ప్యాకెట్ తిప్పి చదవడం. చదివిందాంట్లో మోసం కనిపిస్తే బిల్లు దాచండి, 1915కి ఫోన్ చేయండి.