చదువరులు కట్టే చీటీలు

గ్రంథాలయంలో వేలకొద్దీ పుస్తకాలు ఉంటాయి. కావలసిన పుస్తకం దొరకాలంటే వాటికి ఒక క్రమం ఉండాలి. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో ‘కోలన్ వర్గీకరణ’ అనే పద్ధతిని ప్రకటించారు. పుస్తకంలోని విషయాన్ని అంశాలుగా విడదీసి, వాటి గుర్తుల మధ్య కోలన్ చిహ్నం ఉంచి, పుస్తకానికి సంఖ్య ఇవ్వడం ఇందులోని విశేషం. ఇది నిపుణులు చేసే పని.

ఇంటర్నెట్ వచ్చాక వ్యాసాలు, చిత్రాలు, పటాలు కంప్యూటర్ తెరమీదికి వచ్చాయి. నానాటికీ పెరిగే ఈ సామగ్రికంతటికీ నిపుణులే సంఖ్యలు వేయడం సాధ్యం కాలేదు. అప్పుడు చదువరులే పూనుకొన్నారు. తమకు ఉపయోగపడిన పుటకు తమ మాటల్లో ఒక పేరు తగిలించి, అందరికీ కనిపించేటట్లు ఉంచసాగారు. ఆ పేరే ‘ట్యాగు’. ఇది మూటకు కట్టే చీటీ వంటిది. 2003లో వెలసిన డెలిషియస్ అనే వెబ్‌సైటు ఈ పద్ధతికి ప్రచారం తెచ్చింది.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం 2005లో ‘పెన్‌ట్యాగ్స్’ను ప్రారంభించింది. విద్యార్థులు, అధ్యాపకులు వెబ్ పుటలకే కాక గ్రంథాలయ జాబితాలోని పుస్తకాలకు కూడా ట్యాగులు కట్టారు. ఒక ట్యాగును ఎంచుకొంటే, ఆ పేరుతో ఇతరులు చేర్చినవి కూడా కనిపించేవి. ఒకరు వెదికి తెచ్చినది పదిమందికీ అందేది.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఒకే పంటను గురించిన వ్యాసాలకు ఒకరు ‘వేరుశనగ’ అనీ, ఒకరు ‘పల్లీ’ అనీ, మరొకరు ‘శనక్కాయ’ అనీ చీటీ కట్టారనుకోండి. ఒక మాటతో వెదికేవారికి మిగిలిన వ్యాసాలు దొరకవు. వేరువేరు రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారి మాటల్లో ఇటువంటి తేడాలు సహజం. కనుక పుస్తకాల్లో వాడే మాటతోపాటు మన ఇంటి మాటను కూడా చేర్చాలి. అప్పుడు ఆ మాట ఒక్కటే తెలిసినవారికీ వ్యాసం అందుతుంది. ‘తరువాత చదవాలి’ వంటి చీటీ మాత్రం కట్టినవారికి తప్ప ఇతరులకు పనికిరాదు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. పరిశోధకులు వ్యాసాలకు ట్యాగులు కట్టిన సైట్‌యులైక్ 2004లో మొదలై 2019లో మూతపడింది. అందుచేత ముఖ్యమైన వాటి వివరాలను విడిగా కూడా రాసిపెట్టుకోవాలి.

నిపుణుల వర్గీకరణ పుస్తకానికి స్థిరమైన చోటు ఇస్తుంది. చదువరుల చీటీలు ఆ చోటికి మరికొన్ని దారులు చూపుతాయి. గ్రంథాలయానికి రెండూ కావాలి.

ప్రశ్నలు

1. కోలన్ వర్గీకరణకు, ట్యాగులకు గల భేదమేమిటి?
2. ఒకే వస్తువుకు మీ ఇంట్లో, పుస్తకాల్లో వేరువేరుగా ఉన్న పేర్లు ఐదు రాయండి.
3. ఈ పాఠానికి మీరైతే ఏ మూడు చీటీలు కడతారు? ఎందుకు?