పేరు ఒకటి, ఇండ్లు రెండు

అల్లవరమునకు పోయి "సత్యనారాయణగారి ఇల్లు ఎక్కడ?" అని యడిగినచో, "ఏ సత్యనారాయణగారు?" అని తిరిగి ప్రశ్నింతురు. ఇంటిపేరు చెప్పిన పిమ్మటనే దారి చూపుదురు. కంప్యూటరు భాషలకును ఈ చిక్కు తప్పలేదు. టికిల్ భాషలో దానిని తీర్చిన విధమును, అందు దాగిన యొక ప్రమాదమును మేము ఇచట వివరింపదలచితిమి.

ఈ భాషను 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందు, బర్క్‌లీలో, ఆచార్య జాన్ ఆస్టర్‌హౌట్ రూపొందించెను. ఇంటిపేరు వంటి 'నేమ్‌స్పేస్' అను ఏర్పాటు 1997లో వెలువడిన 8.0 కూర్పుతో దానికి చేరెను.

'నేమ్‌స్పేస్ ఇవాల్' అను ఆజ్ఞకు ఒక పేరును, కొంత కోడును ఇయ్యవలెను. ఆ పేరుగల నేమ్‌స్పేసు లేకున్న సృష్టించి, కోడును దానిలో నడిపి, పిదప పూర్వస్థానమునకు మరలును. అల్లవరము, ఓడలరేవు అను రెండు నేమ్‌స్పేసులలో 'కాయలు' అను చలరాశి వేర్వేరుగా నుండవచ్చును. బయటినుండి 'ఓడలరేవు::కాయలు' అని పిలువవచ్చును.

ఇక ప్రమాదము. అల్లవరములో 'కాయలు' ఇంకను పుట్టలేదనియు, అందరికిని చెందిన గ్లోబల్ పరిధిలో అదే పేరుతో 500 అను మొత్తమున్నదనియు అనుకొందము. అల్లవరమునకై వ్రాసిన కోడులో 'సెట్ కాయలు 20' అన్నచో, 8వ కూర్పులలో క్రొత్త చలరాశి పుట్టదు. గ్లోబల్ లెక్కయే 20గా మారును. తప్పు జరిగినదను సందేశమేదియు రాదు. మన పద్దు వ్రాసితిమనుకొని ఊరి పద్దు చెరిపినట్లగును. 'వేరియబుల్ కాయలు 20' అని వ్రాసినచో అది నిశ్చయముగా అల్లవరమునకే చెందును. 2024లో వచ్చిన 9.0 కూర్పులో ఈ దోషము తొలగింపబడినది. అయినను పాత కూర్పులతో పనిచేయువారు జాగరూకులై యుండవలెను.

మరి రెండు సంగతులు. కోడును ఫ్లవర్ బ్రాకెట్లలో ఉంచిన అది యథాతథముగా లోనికి పోయి అచటనే విలువ కట్టబడును. కొటేషన్లలో ఉంచిన, డాలరు గుర్తుగల పేరులకు పిలిచినచోటి విలువలే ముందుగా చేరును. బటను నొక్కినపుడు నడువవలసిన కోడు గ్లోబల్ పరిధిలో నడచును. దానిని 'నేమ్‌స్పేస్ కోడ్' అను ఆజ్ఞతో చుట్టి పంపినచో స్వస్థలమును మరువదు.

విద్యార్థి మిత్రులు పై 'కాయలు' ప్రయోగమును రెండు కూర్పులలోను స్వయముగా చేసి చూడగలరని కోరుచున్నాము. ఒక పేరు వ్రాయుటకు ముందు అది ఎవరి ఇంటిదని ప్రశ్నించుకొనుట అల్లవరములో ఎంత అవసరమో టికిల్‌లోను అంతే అవసరము.