అంతర్జాల వేదికపై సహాధ్యయనం

మార్క్ జుకర్‌బర్గ్ 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ వసతిగృహంలో ప్రారంభించిన ఫేస్‌బుక్ తొలినాళ్లలో కళాశాల విద్యార్థులకే పరిమితమైనది. పదమూడేళ్లు నిండిన వారందరికీ 2006 సెప్టెంబరులో అందులో ప్రవేశం లభించింది. కళాశాలలో పుట్టిన సాధనం కనుక అది తరగతి గదిలోనికి రావడం వింత కాదు. అయితే టొరంటో నగరంలోని ఒక తరగతిలోనికి అది అధ్యాపకుని ఆహ్వానం లేకుండానే, విద్యార్థుల వెంట వచ్చింది.

కెనడా దేశంలోని ఆ నగరంలో రైర్సన్ విశ్వవిద్యాలయం ఉన్నది. 2022లో దాని పేరు టొరంటో మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంగా మారింది. 2007లో అక్కడి మొదటి సంవత్సరపు ఇంజనీరింగ్ విద్యార్థులు రసాయనశాస్త్ర సమస్యలపై పరస్పరం సందేహాలు తీర్చుకోవడానికి ఫేస్‌బుక్‌లో ఒక బృందంగా ఏర్పడ్డారు. సభ్యులు 146 మంది. ఆ సమస్యలను ఎవరికి వారే సాధించాలన్నది ఆచార్యుని నియమం; వాటికి మొత్తం మార్కులలో 10 శాతం కేటాయించారు. సంగతి బయటపడిన పిమ్మట బృందాన్ని నిర్వహించిన విద్యార్థిపై 147 అభియోగాలు మోపారు. నిర్వహణకు ఒకటి, తక్కినవి సభ్యునికి ఒకటి చొప్పున! అతడు చదువుకే దూరమయ్యే పరిస్థితి ఏర్పడింది. ఒక గదిలో పదిమంది కూర్చుని చర్చించుకోవడం నేరం కానప్పుడు, తెరపై చర్చించుకోవడం ఎట్లా నేరమవుతుందన్నది అతని వాదం. 2008 మార్చిలో విచారణ సంఘం అతనిని బహిష్కరించనవసరం లేదని తేల్చి, ఆ 10 శాతం మార్కులకు మాత్రం సున్నా వేసింది.

విద్యార్థి వాదంలో బలమున్నది. కాని గదిలో ఆడిన మాట గాలిలో కలిసిపోతుంది. తెరమీది మాట నిలిచి ఉంటుంది. సాధనా మార్గాన్ని సూచించిన వాక్యం పక్కనే ఎవరైనా జవాబు కూడా ఉంచితే, శ్రమించిన వానికీ శ్రమించని వానికీ అది ఒకే రీతిగా అందుతుంది. కలిసి చదవడానికీ, కలిసి జవాబు రాయడానికీ నడుమనున్న గీత ఎక్కడున్నదో 'ఎవరికి వారే' అన్న నియమం ఒక్కటే చెప్పలేకపోయింది.

మరుసటి సంవత్సరం అమెరికాలో ఒక అధ్యాపకురాలే ఇటువంటి సాధనాన్ని తరగతికి పిలిచారు. టెక్సస్ విశ్వవిద్యాలయపు డల్లాస్ ప్రాంగణంలో చరిత్ర బోధించే మోనికా ర్యాంకిన్ 2009లో సుమారు 90 మంది ఉన్న తన తరగతిలో ట్విట్టర్‌ను ప్రవేశపెట్టారు. అంత పెద్ద తరగతిలో లేచి మాట్లాడేవారు కొద్దిమందే ఉంటారు. విద్యార్థులు తమ అభిప్రాయాలను ట్విట్టర్‌లో రాయగా, అవి అందరికీ కనబడేటట్లు పెద్ద తెరపై ప్రదర్శించారు. మొహమాటంతో నోరు విప్పనివారు సైతం చర్చలో పాల్గొన్నారు. అప్పట్లో ఒక్కొక్క సందేశం 140 అక్షరాలకు మించరాదు. ఈ నిబంధన వలన విద్యార్థులు సూటిగా రాయక తప్పలేదు. అయితే చారిత్రక కారణాలను వివరించడానికి ఆ కొద్దిపాటి చోటు చాలదు గనుక, లోతు కొంత కొరవడింది.

ఇటువంటి పద్ధతి చదువుకు నిజంగా తోడ్పడుతుందా అన్న ప్రశ్నకు రేనాల్ జుంకో, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన అధ్యయనం కొంత సమాధానమిచ్చింది. కళాశాలలో కొత్తగా చేరిన 125 మందిలో 70 మంది ట్విట్టర్ ద్వారా చర్చలు సాగించగా, 55 మంది అది లేకుండానే చదివారు. మొదటి వర్గంవారిలో చదువుపట్ల ఆసక్తి, మార్కులు రెండూ అధికంగా కనిపించాయి. ఒక్క అర్ధసంవత్సరపు ఫలితాన్ని అన్ని కళాశాలలకూ వర్తింపజేయడం తొందరపాటే. పైగా అక్కడ విద్యార్థులను వారి మానాన వదలలేదు. అధ్యాపకులు కూడా ఆ చర్చలలో చురుకుగా పాల్గొన్నారు.